మిసిసిపీ జూదపు పడవ వారసత్వం కాదు: డావెన్‌పోర్ట్ నుంచి ఒక పాఠకురాలి ఉత్తరం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా నదీతీర పట్టణాల మీద వచ్చిన యాత్రా వ్యాసం చదివాను. అందులో మా డావెన్‌పోర్ట్ పేరు చూసి ఇంట్లో అందరికీ చూపించాను. తెలుగు పత్రికల్లో అయోవా రాష్ట్రం ఊసు రావడమే అరుదు. అయితే మిసిసిపీ నది మీద తేలే క్యాసినోలు స్టీమర్ల కాలం నుంచీ వస్తున్న సంప్రదాయమనీ, మా ఊరి పడవ దానికి ఆనవాలనీ రాసిన మాటలు మాత్రం నిజం కావు. మా ఊరికి జూదపు పడవ వచ్చింది 1991లో. ఒడ్డు విడిచి పోయింది 2016లో. అంతా కలిపి పాతికేళ్ల కథ. అది ఎందుకు వచ్చిందో, జనానికి ఏ షరతులు చూపించి తెచ్చారో, ఆ షరతులు ఏమయ్యాయో చెప్పకుండా దాన్ని వారసత్వం అంటే ఇక్కడ బతికినవాళ్లకు బాధగా ఉంటుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. స్థలం చాలకపోతే ఎక్కడైనా కుదించండి గానీ షరతుల గురించి రాసిన భాగం తీసేయవద్దని మనవి.

నేను 1980ల మొదట్లో, పెళ్లయిన కొత్తలో ఇక్కడికి వచ్చాను. మావారు ట్రాక్టర్ విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక నేను లైబ్రరీలో ఉద్యోగంలో చేరి, అక్కడే రిటైరయ్యాను. పాత పత్రికల మైక్రోఫిల్ములు తీసి ఇవ్వడం నా పనిలో ఒక భాగం. పడవ గురించి వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉండేవాళ్లు. స్కూలు పిల్లలు, లాయర్లు, ఒకప్పుడు ఆ పడవలో డాన్సు చేసిన ముసలివాళ్లు. వాళ్లకు తీసిపెడుతూ నేనూ చదివాను.

ముందు ఆ పాతకాలపు సంగతి. 19వ శతాబ్దంలో మిసిసిపీ స్టీమర్లలో పేకాటరాయుళ్లు తిరిగిన మాట నిజమే. కానీ వాళ్లు టికెట్ కొనుక్కుని ఎక్కిన ప్రయాణికులు. పత్తి అమ్ముకుని డబ్బుతో ఇళ్లకు పోయే రైతులనూ వ్యాపారులనూ ఆటలోకి దింపి, దొంగముక్కలు వేసి దోచుకుని, తర్వాతి రేవులో దిగిపోయేవాళ్లు. పడవ జూదశాల కాదు, ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సూ లేదు. ఆ పేకాటరాయుళ్ల మీద నదీతీర పట్టణాలకు ఎంత కోపం ఉండేదంటే, 1835 జూలైలో మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్ ఊరి జనం ఐదుగురు జూదగాళ్లను విచారణ కూడా లేకుండా ఉరితీశారు. ఆ తర్వాత అంతర్యుద్ధం వచ్చింది, రైళ్లు వచ్చాయి, ప్రయాణికుల స్టీమర్లు తగ్గిపోయాయి. మిసిసిపీ మీద మొట్టమొదటి రైలు వంతెన కట్టింది మా ఊరికే, 1856లో, అవతలి ఒడ్డున ఉన్న రాక్ ఐలండ్ నుంచి. కట్టిన కొద్ది రోజులకే ఎఫీ ఆఫ్టన్ అనే స్టీమర్ దాన్ని గుద్దుకుని తగలబడింది. పడవవాళ్లు కేసు వేస్తే వంతెన కంపెనీ తరఫున వాదించిన లాయరు అబ్రహాం లింకన్. స్టీమర్ల కాలాన్ని ముగించిన ఊళ్లలో మాది ఒకటి. అలాంటి ఊరిని స్టీమర్ జూదానికి పుట్టిల్లు అనడం ఎంత తలకిందుల మాటో చూడండి.

పడవ పుట్టింది ఫ్యాక్టరీల మూతలోంచి. నదికి అటూ ఇటూ ఉన్న డావెన్‌పోర్ట్, బెటెన్‌డార్ఫ్, రాక్ ఐలండ్, మొలీన్ పట్టణాలను కలిపి ఇక్కడ క్వాడ్ సిటీస్ అంటారు. వ్యవసాయ యంత్రాలకు ఇది ప్రపంచంలోనే పేరున్న చోటు. జాన్ డీర్ ప్రధాన కార్యాలయం మొలీన్‌లోనే ఉంది. మీ పాఠకుల్లో కొందరి పిల్లలు అక్కడ పనిచేస్తూ ఉండవచ్చు. 1980ల్లో అమెరికా రైతు అప్పుల్లో కూరుకుపోయాడు. వడ్డీలు పెరిగాయి, భూముల ధరలు పడిపోయాయి, కొత్త ట్రాక్టర్ కొనే నాథుడు లేడు. రాక్ ఐలండ్‌లోని ఫార్మాల్ కర్మాగారంలో 1985లో చివరి ట్రాక్టర్ బయటికి వచ్చింది. ఆ దశాబ్దం ముగిసేలోగా డావెన్‌పోర్ట్‌లో క్యాటర్‌పిల్లర్, బెటెన్‌డార్ఫ్‌లో కేస్ కర్మాగారాలు కూడా మూతపడ్డాయి. మావారి ఫ్యాక్టరీ కూడా ఆ వరసలోనే పోయింది. డావెన్‌పోర్ట్ జనాభా 1980లో లక్షా మూడు వేల పైచిలుకు. 1990 లెక్కల్లో 95 వేలకు దిగింది. మా వీధిలో అమ్మకపు బోర్డు లేని ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చేది. మావారికి రెండో ఉద్యోగం దొరికేదాకా ఇంట్లో ఉన్న టెన్షన్ గురించి నేను చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోయిన ఇల్లు ఏదైనా ఒకలాగే ఉంటుంది.

ఆ పరిస్థితిలో, 1989లో అయోవా శాసనసభ నది మీద జూదానికి అనుమతిస్తూ చట్టం చేసింది. గవర్నర్ టెర్రీ బ్రాన్‌స్టాడ్ సంతకం పెట్టారు. ఆధునిక కాలంలో రివర్‌బోట్ జూదాన్ని చట్టబద్ధం చేసిన మొదటి రాష్ట్రం మాదే. అయోవా అంటే చర్చికి వెళ్లే రైతుల రాష్ట్రం. అక్కడ క్యాసినో అనే మాట జనం ఒప్పుకోవాలంటే చాలా జాగ్రత్తలు చూపించాలి. చూపించారు. ఒక్కో పందెం 5 డాలర్లు మించకూడదు. ఒక ప్రయాణంలో ఒక మనిషి 200 డాలర్లకు మించి పోగొట్టుకోవడానికి వీల్లేదు. పడవ రేవులో కట్టేసి ఉంటే చాలదు, ప్రయాణికులను ఎక్కించుకుని నిజంగా నది మీద తిరగాలి. పడవలో జూదానికి కేటాయించే చోటు మూడోవంతు కూడా ఉండకూడదు. మిగతా చోట భోజనం, సంగీతం, నది చూడటానికి వరండాలు. లైసెన్సు కంపెనీకి ఒక్కదానికే ఇవ్వరు, స్థానికంగా లాభాపేక్ష లేని ఒక సంస్థ కూడా దానితో పాటు ఉండాలి. ఆ సంస్థ వాటా డబ్బు ఊరి మంచికే ఖర్చవ్వాలి. వీటన్నిటికీ మించి, కౌంటీ (మన జిల్లా లాంటిది) ఓటర్లు రిఫరెండంలో ఒప్పుకుంటేనే పడవ రేవుకు రావాలి.

మా స్కాట్ కౌంటీ ఓటర్లు ఒప్పుకున్నారు. అప్పటికి నాకు ఓటు లేదు. ఒప్పుకున్నవాళ్లను నేను ఏనాడూ తప్పుపట్టలేదు. 5 డాలర్లు, 200 డాలర్లు అనే అంకెలు చూసే వాళ్లు ఓటు వేశారు. శనివారం సాయంత్రం భార్యాభర్తలు బయటికి వెళ్లి సరదాగా పోగొట్టుకోగలిగిన మొత్తం అది. ఇంటి కిస్తీ డబ్బుతో ఆడే ఆట అనుకుంటే ఆ ఓటు పడేది కాదని, పాత పత్రికల్లో ఆ నెలల పాఠకుల ఉత్తరాలు చదివినవాళ్లెవరికైనా తెలుస్తుంది.

1991 ఏప్రిల్ 1న పడవలు కదిలాయి. బెటెన్‌డార్ఫ్‌లో డైమండ్ లేడీ, డావెన్‌పోర్ట్‌లో ప్రెసిడెంట్, ఎగువన డ్యూబ్యూక్‌లో క్యాసినో బెల్. డైమండ్ లేడీ యజమాని బెర్నార్డ్ గోల్డ్‌స్టీన్ ఇక్కడివాడే. పాత ఇనుము, బార్జీల (సరుకులు మోసే చదునైన పడవల) వ్యాపారం వాళ్లది. ఆ రోజు బెటెన్‌డార్ఫ్‌కు టీవీ తార వన్నా వైట్, పాతతరం నటుడు హోవర్డ్ కీల్ వచ్చారు. మా ఊరి రేవులో ఇసకేస్తే రాలనంత జనం. మా పొరుగింటాయన, అంతకు ముందు ఫ్యాక్టరీలో వెల్డర్, శిక్షణ తీసుకుని బ్లాక్‌జాక్ అనే పేకాటలో ముక్కలు పంచే డీలరుగా చేరాడు. నల్లటి వెస్ట్‌కోటు, బో టై వేసుకుని ఇంటి ముందు నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఆయన భార్య ఆ రోజు ఏడ్చింది, సంతోషంతోనే. అన్నాళ్ల తర్వాత వాళ్లింట్లో ఆరోగ్య బీమా మళ్లీ మొదలైంది. పడవ వల్ల మంచే జరగలేదని నేను అనను. ఆ కుటుంబం నిలబడటం నా కళ్లతో చూశాను.

ఇప్పుడు షరతుల సంగతి. ఒక రాష్ట్రం ఒడ్డున పెట్టిన షరతు అవతలి ఒడ్డుకు వర్తించదు. మా దగ్గర నది మధ్యలోనే రాష్ట్రాల సరిహద్దు. అవతలి ఒడ్డున ఉన్న ఇల్లినాయి రాష్ట్రం 1990లో తన చట్టం చేసుకుంది, అందులో పందానికి 5 డాలర్లు, నష్టానికి 200 డాలర్లు అనే పరిమితులు లేవు. 1991 సెప్టెంబరులో ఆల్టన్ పట్టణంలో వాళ్ల మొదటి పడవ తేలింది. 1992 వసంతంలో మా రేవుకు సరిగ్గా ఎదురుగా రాక్ ఐలండ్‌లో ఇంకో క్యాసినో పడవ తెరిచారు. వంతెన దాటితే పరిమితి లేని ఆట. దక్షిణాన మిసిసిపీ రాష్ట్రం అయితే పడవ అసలు కదలనవసరమే లేదంది. దాంతో 1992 వేసవిలో గోల్డ్‌స్టీన్ తన డైమండ్ లేడీనీ, ఫోర్ట్ మాడిసన్ దగ్గర నడిచే ఎమరాల్డ్ లేడీనీ తీసుకుని సముద్రతీరంలోని బిలాక్సీకి వెళ్లిపోయాడు. ఆగస్టు 1న అక్కడ తెరిచిన ఐల్ ఆఫ్ కాప్రీ ఆ రాష్ట్రంలో మొదటి క్యాసినో. అంటే బెటెన్‌డార్ఫ్ పడవ ఏడాదిన్నర కూడా నిలవలేదు. ఆ పడవ కోసం ఊరు రేవు బాగుచేసుకుంది, పార్కింగ్ వేసుకుంది. పడవకు చక్రాలున్నాయని, ఊరికి లేవని అప్పుడు తెలిసింది. 1993లో డ్యూబ్యూక్ పడవ కూడా పోయింది.

మొదటి రోజు కదిలిన మూడింటిలో మిగిలింది మా డావెన్‌పోర్ట్ పడవ. ఇక దాన్ని కాపాడుకోవాలంటే పరిమితులు ఎత్తేయాలని వాదన మొదలైంది. 1994లో శాసనసభ ఆ పని చేసింది. మళ్లీ కౌంటీల్లో ఓటింగ్ పెట్టారు. ఈసారి జనం ముందు పెట్టిన ప్రశ్న వేరు. జూదం కావాలా వద్దా అని కాదు, ఉన్న ఉద్యోగాలు ఉండాలా పోవాలా అని. ఉద్యోగాలు పోవడం అంటే ఏమిటో అప్పటికే ఒకసారి చూసిన ఊరు ఇది. ఒప్పుకుంది. మూడేళ్లలో 5 డాలర్లూ పోయింది, 200 డాలర్లూ పోయింది. మరుసటి ఏడాది బెటెన్‌డార్ఫ్‌కు లేడీ లక్ పేరుతో కొత్త పడవ వచ్చింది. నది మీద తప్పనిసరిగా తిరగాలనే నిబంధనను 2004లో సడలించారు. నీళ్ల మీదే ఉండాలన్న నిబంధనను 2007లో తీసేశారు. మొదటి చట్టంలో జనానికి చూపించిన వాటిలో కౌంటీ ఓటింగ్ కాకుండా ఇవాళ్టికి గట్టిగా మిగిలింది ఒక్కటే, ఆ లాభాపేక్ష లేని సంస్థల వాటా. దాని గురించి తర్వాత చెబుతాను.

ఇది మా రాష్ట్రం ఒక్కదాని కథ కాదు. మిస్సోరీలో నదికి పక్కన గుంట తవ్వి, నీళ్లు నింపి, అందులో తేలే కట్టడాన్ని నది పడవగా లెక్కేశారు. కోర్టు ఒప్పుకోకపోతే 1998లో రాజ్యాంగ సవరణకు ఓటింగ్ పెట్టి నెగ్గించుకున్నారు. అక్కడ రెండు గంటలకు 500 డాలర్ల నష్ట పరిమితి ఉండేది, 2008లో ఓటింగ్‌తో అదీ పోయింది. మిసిసిపీ రాష్ట్రపు సముద్రతీరంలో 2005లో కత్రినా తుపాను క్యాసినో బార్జీలను ఎత్తి రోడ్ల అవతల పడేసింది. ఆ వెంటనే, ఆ అక్టోబరులోనే, తీరానికి 800 అడుగుల లోపు నేల మీద కట్టుకోవచ్చని చట్టం మార్చారు. లూసియానాలో మాజీ గవర్నర్ ఎడ్విన్ ఎడ్వర్డ్స్ రివర్‌బోట్ లైసెన్సుల కోసం లంచాలు గుంజిన కేసులో 2000లో దోషిగా తేలి జైలుకు వెళ్లాడు. చాలా రాష్ట్రాల్లో ముందు నీళ్ల మీద అని మొదలుపెట్టి, తర్వాత కదలనక్కర్లేదని, ఆ తర్వాత నీళ్లే అక్కర్లేదని అన్నారు.

మీ వ్యాసకర్త వారసత్వం గురించి రాయాలనుకుంటే, రాయదగిన పడవ ఒకటి నిజంగా ఉండేది. అదే మా ప్రెసిడెంట్. జూదం కోసం పుట్టింది కాదు అది. 1924లో పెన్సిల్వేనియాలోని మిడ్‌లాండ్‌లో సిన్సినాటి అనే పేరుతో ఒహాయో నది మీద సరుకులూ ప్రయాణికులనూ మోయడానికి కట్టారు. దాదాపు 300 అడుగుల ఇనుప పడవ, రెండు పక్కలా చక్రాలు. 1930ల్లో స్ట్రెక్‌ఫస్ కుటుంబం దాన్ని కొని ఐదు అంతస్తుల విహారనౌకగా మార్చి ప్రెసిడెంట్ అని పేరు పెట్టింది. ఈ స్ట్రెక్‌ఫస్‌లు రాక్ ఐలండ్‌లో వ్యాపారం మొదలుపెట్టినవాళ్లే. వాళ్ల పడవల్లో ఫేట్ మారబుల్ అనే ఆయన బ్యాండు నడిపేవాడు. కుర్రవాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ బ్యాండులో కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాయిద్యం) ఊదుతూ నది పొడుగునా తిరిగాడు, మా రేవులోనూ ఆగాడు. మా ఊళ్లో 1903లో పుట్టిన బిక్స్ బైడర్‌బెక్ ఆ స్టీమర్ల సంగీతం వింటూ పెరిగి జాజ్‌లో చిరకాలం నిలిచే పేరు తెచ్చుకున్నాడు. ప్రెసిడెంట్ మొదట సెయింట్ లూయీ నుంచి, 1941 తర్వాత చాలా ఏళ్లు న్యూ ఓర్లీన్స్ నుంచి నడిచింది. దాని డాన్సు హాలులో తెల్లవార్లూ ఆడిన రాత్రుల గురించి చెబుతుంటే ఆ వయసువాళ్ల ముఖాలు ఎలా మారిపోయేవో నేను లైబ్రరీ బల్ల దగ్గర కూర్చుని చూశాను.

1989లో కేంద్ర ప్రభుత్వం దానికి జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు ఇచ్చింది. పిట్స్‌బర్గ్ వ్యాపారి జాన్ కానెలీ దాన్ని మా ఊరికి క్యాసినోగా తెచ్చాడు. ఆ డాన్సు హాలులో స్లాట్ మెషీన్లు వరసగా నిలబెట్టారు. నేను ఒకసారి, ఊరికే లోపల చూద్దామని వెళ్లాను. మెషీన్ల మోతలో నది చప్పుడు వినపడదు, కిటికీలోంచి నది కనపడదు. పైకప్పు అంచుల్లో పాత అలంకారం మాత్రం అక్కడక్కడా మిగిలి ఉంది. తలెత్తి దాన్ని చూసినవాళ్లు నాకు కనపడలేదు.

2000లో ఆ స్థానంలోకి రిథమ్ సిటీ అనే వేరే పడవ వచ్చింది. ప్రెసిడెంట్‌ను పక్కకు లాగేశారు. తర్వాత దాన్ని హోటల్ చేస్తామని ఇల్లినాయిలోని సెయింట్ ఎల్మో అనే చిన్న ఊరికి ముక్కలుగా కోసి లారీల మీద తరలించారు. ఆ ఊరికి పెద్ద నది లేదు. హోటలూ కాలేదు. 2011లో చారిత్రక చిహ్నం గుర్తింపు రద్దయింది. కానెలీ కంపెనీయే సెయింట్ లూయీలో నడిపిన అడ్మిరల్ అనే అందమైన పాత పడవను 2011లో తుక్కు కింద కోసేశారు. అంతకు ముందు 1998 ఏప్రిల్ 4 రాత్రి ఆ పడవలో రెండు వేల మందికి పైగా ఉన్నప్పుడు, వరద నీటిలో ఎదురు వెళ్తున్న బార్జీల వరస ఈడ్స్ వంతెనకు తగిలి విడిపోయి, కొన్ని బార్జీలు వచ్చి దాన్ని గుద్దాయి. కట్టిన మోకులన్నీ తెగి ఒకే ఒక్కటి నిలిచింది. బార్జీలను నడుపుతున్న టగ్‌బోటు కెప్టెన్ తన పడవను దానికి ఆనించి పట్టి ఉంచకపోతే ఏమయ్యేదో. ఎవరూ చనిపోలేదు. ఆ మర్నాడు మా పొరుగింటాయన భార్య నాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఆయన డ్యూటీ రాత్రిపూటే ఉండేది.

డైమండ్ లేడీ కథ కూడా చెబుతాను. ఆరంభం రోజు సినిమావాళ్లు ఎక్కిన ఆ పడవ చేతులు మారి మారి చివరికి మెంఫిస్ దగ్గర పాతపడి 2021లో మునిగిపోయింది. 2022 శరదృతువులో మిసిసిపీలో నీళ్లు ఎన్నడూ లేనంత తగ్గినప్పుడు బురదలోంచి బయటపడింది. ఆ ఫొటో మా స్థానిక వార్తల్లో వచ్చింది.

డబ్బు సంగతికి వస్తాను, ఎందుకంటే అది రాయకపోతే నా ఉత్తరం అన్యాయంగా ఉంటుంది. మొదటి చట్టంలో క్యాసినో రాబడి మీద మొదటి 10 లక్షల డాలర్లకు 5 శాతం, తర్వాతి 20 లక్షలకు 10 శాతం, ఆపైన 20 శాతం పన్ను. లాభాపేక్ష లేని సంస్థగా డావెన్‌పోర్ట్‌కు రివర్‌బోట్ డెవలప్‌మెంట్ అథారిటీ, బెటెన్‌డార్ఫ్‌కు స్కాట్ కౌంటీ రీజినల్ అథారిటీ ఏర్పడ్డాయి. అగ్నిమాపక బండ్లు, స్కూళ్ల సామాను, పేదల ఆశ్రయాలు, లైబ్రరీలు, ఈ డబ్బు అందని చోటు ఈ కౌంటీలో కష్టం మీద దొరుకుతుంది. రాష్ట్రవ్యాప్తంగా జూదపు పన్నుతో నడిచిన విజన్ అయోవా పథకం నుంచి డావెన్‌పోర్ట్ నదీతీర పునరుద్ధరణకు 2 కోట్ల డాలర్లు వచ్చాయి. 2005లో తెరిచిన ఫిగ్గీ ఆర్ట్ మ్యూజియం ఆ పునరుద్ధరణలో భాగమే. ఆ గాజు భవనం చాలా బాగుంటుంది, మీ వ్యాసకర్త అక్కడికి వెళ్లి ఉండాల్సింది. ఈ మంచిని నేను కాదనను. ఆ 1989 చట్టంలో దూరం ఆలోచించి రాసింది ఆ ఒక్క నిబంధనేనని నా అభిప్రాయం. కానీ పోగొట్టుకున్నవాడి ఇంటికి ఆ ఆశ్రయం సొమ్ము తిరిగి వెళ్లదు కదా. దీన్ని ఎంత లెక్కపెట్టినా ఏ పద్దుకూ కుదరని బాకీగానే చూస్తాను.

పోయిన పడవ సంగతి టూకీగా. 2012లో డావెన్‌పోర్ట్ నగరమే రిథమ్ సిటీని కొనాలని ప్రయత్నించింది, బేరం కుదరలేదు. తర్వాత కొన్న సంస్థ 2016 జూన్‌లో నదికి మైళ్ల దూరంలో, 80వ నంబరు అంతర్‌రాష్ట్ర రహదారి పక్కన పెద్ద క్యాసినో కట్టింది. బెటెన్‌డార్ఫ్‌దీ అదే నెలలో నేల మీదికి వచ్చింది. రాక్ ఐలండ్‌ది 2008లోనే రహదారి పక్కకు వెళ్లింది. అంటే మీ వ్యాసకర్త ఏ పడవ గురించి రాశారో నాకు అర్థం కాలేదు. డావెన్‌పోర్ట్ రేవులో పడవ లేదు. నది మాత్రం ఉంది. దాని ఒడ్డున మా ఊరు పెద్ద వరద గోడ కట్టుకోలేదు. నది కనపడుతూ ఉండాలని జనం అంటారు. 2019 ఏప్రిల్ 30న తాత్కాలిక అడ్డుగోడ తెగి డౌన్‌టౌన్ వీధులు మునిగాయి, రెండు రోజుల తర్వాత నీటిమట్టం 1993 నాటి రికార్డును దాటింది. అయినా గోడ వద్దనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నదితో ఇలాంటి అనుబంధం ఉన్న ఊరి గురించి రాయడానికి ఎంతో ఉంది.

ఇంత చెప్పడానికి అసలు కారణం వేరే ఉంది. ఆ పరిమితులు పోయే వరస ఆగలేదు. 2019 ఆగస్టులో అయోవాలో ఆటల మీద పందేలు చట్టబద్ధమయ్యాయి, ఫోన్‌లో కూడా. ఖాతా తెరవాలంటే ముందుగా క్యాసినోకు స్వయంగా వెళ్లి రిజిస్టర్ చేసుకోవాలని షరతు పెట్టారు. చట్టంలోనే దానికి గడువు కూడా రాశారు. 2021 జనవరి 1 నుంచి ఇంట్లో కూర్చునే ఖాతా తెరవచ్చు. మనవాళ్లు ఇక్కడ బాగా పెరిగారు. మంచి జీతాలు, చేతిలో ఫోన్లు, క్రికెట్ మీద పిచ్చి. మాకు తెలిసిన ఒక కుర్రవాడు ఇల్లు కొనడానికి దాచుకున్న డబ్బంతా ఫోన్‌లోనే పోగొట్టుకున్నాడు. వాళ్ల అమ్మానాన్నలకు ఇప్పటికీ తెలియదు. ఆ అబ్బాయి నా ముందు కూర్చుని, ఆంటీ, నేను ఒక్కసారి కూడా క్యాసినో గడప తొక్కలేదు అన్నాడు. నిజమే. ఆ తరానికి 200 డాలర్ల పరిమితి ఒకప్పుడు ఉండేదన్న సంగతే తెలియదు. తెలియకపోతే అడగరు. మీలాంటి పత్రిక ఆ చరిత్రను స్టీమర్ వైభవంగా రాస్తే ఇంక అసలే అడగరు.

అందుకని నా కోరిక రెండే. ఆ వ్యాసంలో పడవ సంప్రదాయం అన్న వాక్యానికి ఒక సవరణ వేయండి. దానితోపాటు అయోవా రాష్ట్రం జూదం మానలేకపోతున్నవాళ్ల కోసం నడిపే ఉచిత ఫోన్ లైను 1-800-238-7633 అని, రాత్రీ పగలూ పలుకుతుందని వేయండి. ఎవరైనా తమ పేరు తామే నిషేధపు జాబితాలో రాయించుకుంటే రాష్ట్రంలోని క్యాసినోలు లోపలికి రానివ్వవని కూడా రాయండి. మా అబ్బాయిలాంటి ఆ కుర్రవాడు ఆ నంబరుకు ఫోన్ చేశాడు. అవతలి మనిషి ఓపిగ్గా మాట్లాడిందని, అప్పుల వాళ్లతో ఎలా మాట్లాడాలో కూడా చెప్పిందని అన్నాడు. పిల్లలు ఇక్కడ ఉన్న తల్లిదండ్రులు మీ పత్రిక చదువుతారు. ఈ నంబరు వాళ్ల కంట పడాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
డావెన్‌పోర్ట్, అయోవా